అత్తగారి వైపు కమాను

ఆ వీధిలో గడియారాలు బాగుచేసే ఆయనకి ఒక పాత కారు ఉండేది. దాని వయసు నలభై రెండేళ్లు. వెనక ఎడమ పక్కకి ఒరిగి ఉండేది. ఆపినా ఒరిగే ఉండేది, నడిపినా ఒరిగే ఉండేది. ఎవరినో పిలిచి చెవిలో రహస్యం చెప్పబోతున్నట్టుండేది చూసేవాళ్లకి. వీధిలోవాళ్లు ఆ ఒరుగు చూసే దూరం నుంచి "గడియారాలాయన వస్తున్నాడు" అనుకునేవాళ్లు.

కారు నిజానికి ఆయనది కాదు, మామగారిది. మామగారు పోయాక అత్తగారూ, కారూ ఒకే రోజున ఈ ఇంటికి వచ్చారు. ఆవిడతో పాటు రెండు పెట్టెలు, ఒక కుట్టు మిషను, ఆకుపచ్చ రంగు వేసిన ఒక వంపు ఇనప ముక్క కూడా వచ్చాయి. వంటింటికీ కారు షెడ్డుకీ మధ్య ఉన్న తలుపు గాలికి కొట్టుకోకుండా ఆవిడ ఆ ఇనుమును తలుపుకి అడ్డంగా పెట్టింది. ఆరేళ్లుగా గడియారాలాయన వారానికి రెండుసార్లయినా దానికి కాలి బొటనవేలు తగిలించుకుంటూనే ఉన్నాడు.

అంతవరకూ అందరూ బాగానే ఉన్నారు. ఎనిమిది నెలల కిందట ఆయన నోరు జారాడు.

తోడల్లుడు చూడటానికి వచ్చాడు. ఇద్దరూ షెడ్డులో నిలబడి మాట్లాడుకుంటుంటే తోడల్లుడు కారు వంక చూసి, "ఏంటన్నయ్యగారూ, ఇది ఇలా ఒరిగిపోయింది?" అని అడిగాడు. "ముప్ఫై ఏళ్లపాటు ఆ మూల సీట్లో ఎవరు కూర్చున్నారో తెలిస్తే మీరీ ప్రశ్న వెయ్యరు" అన్నాడు గడియారాలాయన. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. తలుపు తెరిచే ఉంది, ఇనప ముక్క అడ్డం ఉంది గనక. అత్తగారు తలుపు పక్కనే ఉంది. ఆవిడ బక్కపల్చటి మనిషైతే ఆ మాట గాలికి పోయేది. కాదు గనకే తగిలింది.

ఆ రోజు నుంచి ఆవిడ కారెక్కడం మానేసింది, అల్లుడితో మాట్లాడటం మానేసింది. మానేసిందంటే పూర్తిగా కాదు. ఆయనకి చెప్పాల్సినవన్నీ చెప్పేది, కూతురి ద్వారా. ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నా సరే, "అమ్మాయ్, ఆయనకి ఇంకాస్త కాఫీ కావాలేమో కనుక్కో" అనేది. ఆయన "వద్దని చెప్పు" అనేవాడు. మధ్యలో ఆ ఇల్లాలు అటొకసారి, ఇటొకసారి తల తిప్పి, చివరికి తల తిప్పడం కూడా మానేసి తన కాఫీ తను తాగేది.

ఇలా ఎన్నాళ్లయినా సాగేదే. అయితే అత్తగారి అక్కగారికి కళ్ల ఆపరేషన్ అయింది. తోడబుట్టినవాళ్లలో ఆవిడకి మిగిలింది ఆ అక్కగారు ఒక్కతే. కొండ మీద ఊళ్లో ఉంటుంది, అరవై కిలోమీటర్ల దూరం. రెండేళ్లుగా చూపు ఆనక గోడలు తడుముకుంటూ తిరిగిన మనిషి, కట్టు విప్పగానే ఫోన్ చేసి, "చూపొచ్చిందే. నీ ముఖం చూసి రెండేళ్లయింది. వచ్చే ఆదివారం వచ్చెయ్" అంది.

అత్తగారు బస్సులో వెళతానంది. ఆ బస్సు కొండ కింద దింపేస్తుంది. అక్కణ్నించి రెండు కిలోమీటర్లు ఎక్కాలి. ఆవిడవి మోకాళ్ల నొప్పులు, పైగా ఎప్పటిదో నడుం నొప్పి. కూతురు బతిమాలింది, కోప్పడింది, చివరికి ఏడ్చింది.

"ఆ కారు నా బరువుకే ఒరిగిందన్నారు కదా" అంది అత్తగారు. "అది తిన్నగా నిలబడిన రోజున ఎక్కుతాను. ఈలోగా బస్సే నాకు గతి."

"ఆ కొండ రోడ్డు మీద బస్సులో నీ నడుం ఉంటుందా అమ్మా? గుంతలే గుంతలు."

"మీకెవరికీ ఓర్పు లేదే. ఆ రోడ్డు ఎప్పుడో బాగుచేశారు. నాకు ఏనాడూ ఒక్క కుదుపు తెలీలేదు."

ఈ ఒక్క విషయంలో అత్తగారితో ఏకీభవించే మనిషి భూమ్మీద లేడు. ఆ రోడ్డు మీద వెళ్లొచ్చినవాళ్లు రెండు రోజులు వంగి నడుస్తారు. ఆవిడ మాత్రం ఇరవై ఏళ్లుగా దాన్ని వెనకేసుకొస్తూనే ఉంది.

గడియారాలాయన ఆ మాటలన్నీ విన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ నవ్విన నవ్వు ఎనిమిది నెలలుగా ఆయన గొంతులో ముల్లులా ఉంది. క్షమించమని అడగడానికి నాలుగుసార్లు వెళ్లాడు, నాలుగుసార్లూ "అమ్మాయ్, ఆయనకేదో కావాలిట చూడు" అనిపించుకుని వెనక్కి వచ్చాడు. రిపేరు షెడ్డువాళ్లని అడిగితే ఇలాంటి పాత బండికి నెల పడుతుందన్నారు. ఆదివారానికి తొమ్మిది రోజులుంది. ముసలావిడ తన మాట వల్ల కొండెక్కబోతోందని తలుచుకుంటే ఆయనకి కూడు సయించలేదు.

"నేనే విప్పుతాను" అన్నాడు భార్యతో. "నలభై ఏళ్లు గడియారాలు విప్పినవాణ్ణి. అందులోనూ స్ప్రింగే, ఇందులోనూ స్ప్రింగే."

 భార్య వెళ్లి టించర్ సీసా ఎక్కడుందో చూసి పెట్టుకుంది.

కారు వెనక భాగాన్ని మోసేవి రెండు కమానులు, ఒక్కో చక్రం పక్కన ఒకటి. ఒక్కో కమానూ వంపు తిరిగిన ఉక్కు పట్టీల దొంతర. అన్నిటికన్నా పొడవైన పట్టీ పైన, దాని కింద కాస్త పొట్టిది, దాని కింద ఇంకా పొట్టిది. అన్నిటికీ మధ్యలో బెజ్జం, ఆ బెజ్జాల గుండా ఒక బోల్టు. పై పట్టీ రెండు చివరలూ చుట్లు తిరిగి ఉంటాయి, ఆ చుట్లలో బోల్టు దూరే రబ్బరు గొట్టాలు, అంటే బుష్‌లు. ఇంతే. కారు పుస్తకంలో బొమ్మ చూస్తే అరగంట పని అనిపించింది ఆయనకి.

మొదటి నట్టు ఊడటానికి ఒక రోజున్నర పట్టింది. ఆయన జాకీతో కారు వెనక భాగం లేపి, ఇనప స్టాండ్ల మీద నిలిపి, కింద పడుకుని, నట్టు మీద కిరసనాయిలు పోశాడు. బుజ్జగించాడు. తిట్టాడు. కిరసనాయిలు నట్టు మీద కన్నా ఆయన కళ్లలో ఎక్కువ పడింది. చివరికి భార్య స్పానరుకి నీళ్ల పైపు ముక్క తొడిగి, తనే కాలితో ఒక్క తొక్కు తొక్కితే ఊడింది. అది తను అప్పటికే వదులు చేసి పెట్టడం వల్లనే ఊడిందని ఆయన గట్టిగా నమ్మాడు.

ఆయన పనిలో ఒక పద్ధతుంది. గడియారం విప్పేటప్పుడు ముందు స్ప్రింగు బిగువు వదిలించాలి. ఊడదీసిన ప్రతి ముక్కనీ తెల్లగుడ్డ మీద వరసలో పెట్టాలి. తిరిగి బిగించేటప్పుడు అన్ని స్క్రూలూ పూర్తిగా బిగించి, అట్టచివర్న కీ ఇవ్వాలి. నలభై ఏళ్లలో ఆయన దగ్గర ఒక్క ముక్క పోయింది లేదు. కారుకీ అదే పద్ధతి పెట్టాడు. భార్య దాచుకున్న కొత్త తెల్ల దుప్పటి షెడ్డులో పరిచి, ప్రతి పట్టీకీ దారంతో చీటీ కట్టి పడుకోబెట్టాడు. కుడి ఒకటి, కుడి రెండు, కుడి మూడు. అలా కుడి ఏడు వరకూ వచ్చాయి. ఎడమ ఒకటి, ఎడమ రెండు. అలా ఎడమ ఆరు వరకూ వచ్చి ఆగిపోయాయి.

ఆ పక్క ఏడోది లేదు.

మళ్లీ లెక్కపెట్టాడు. దుప్పటి దులిపాడు. కారు కింద దూరి చూశాడు. ఒక పట్టీ పోయింది. తన చేతిలోంచి, తన షెడ్డులో, నలభై ఏళ్ల పేరంతా మంటగలిపి పోయింది. గడియారంలో ముక్క ఎగిరిపోతే ఏం చెయ్యాలో ఆయనకి తెలుసు. దారానికి అయస్కాంతం కట్టి, కంటికి భూతద్దం పెట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని నేలని అంగుళం అంగుళం జల్లెడ పట్టాలి. సరిగ్గా అదే మొదలుపెట్టాడు.

భార్య కాఫీ పట్టుకొచ్చి కాసేపు చూసింది.

"ఏం పోయిందండీ?"

"పట్టీ."

"ఎంతుంటుంది?"

ఆయన రెండు చేతులూ చాపి చూపించాడు. మూరన్నర.

"మరి భూతద్దం ఎందుకండీ?"

"అలవాటు" అన్నాడు ఆయన, అయస్కాంతం ఊపుతూ.

ఆ రోజంతా వెతికాడు. అయస్కాంతానికి పన్నెండు మేకులు, ఒక తలుపు గొళ్లెం, ఎప్పుడో పోయిన పెట్టె తాళంచెవి అంటుకున్నాయి. ఇంట్లో ఏమైనా చూద్దామని కన్ను భూతద్దంలోనే ఉంచుకుని వంటింట్లోకి రాబోయి ఆకుపచ్చ ఇనుముకి బొటనవేలు కొట్టుకున్నాడు.

"ఈ దిక్కుమాలిన ఇనుము..." అని ఒంటికాలి మీద గెంతాడు.

"అమ్మాయ్" అంది లోపల్నించి అత్తగారు. "అది మీ నాన్న తెచ్చి పెట్టింది. దాన్నేమీ అనొద్దని చెప్పు. చూసుకుని నడిచేవాళ్లకి అదేమీ అడ్డం కాదు. అన్నట్టు, గడియారంలో ముల్లు పోయిందంటే అర్థముంది. అంత పొడుగు ఇనుము ఎలా పోగొట్టుకున్నారో కూడా అడుగు."

 ఆయన బొటనవేలు పట్టుకుని మళ్లీ షెడ్డులోకి గెంతాడు.

మంగళవారం పొద్దున ఆయన పదమూడు పట్టీలనీ కిరాయి బండిలో వేసుకుని కమానుల మేస్త్రి దగ్గరికి వెళ్లాడు. ఊరి చివర రేకుల కొట్టు, మధ్యలో కొలిమి, గోడల నిండా వేలాడే పట్టీలు. మేస్త్రికి డెబ్బై దాటాయి. కుంగిపోయిన పట్టీని కొలిమిలో కాల్చి మళ్లీ వంపు తెప్పించడం ఆయన పని. ఒక్కో పట్టీనీ సుత్తితో తట్టి, మోత విని, పక్కన పెడుతున్నాడు.

"పదమూడే తెచ్చారే" అన్నాడు.

గడియారాలాయన నీళ్లు నమిలాడు. "ఒకటి... కనబడ్డం లేదు. వెతుకుతున్నాను."

మేస్త్రి ఎడమ కమాను అడుగు పట్టీని తిప్పి, చివర ఉన్న మూడు చుక్కల గుర్తు మీద వేలు పెట్టాడు. తన చేతిలో పడిన ప్రతి పట్టీకీ ఆయన ఉలితో వేసే గుర్తు అది. "మీరు వెతకొద్దు సార్. అది పోలేదు. నేనే తీశాను."

"ఎప్పుడు?"

"ఇరవై ఏళ్లయి ఉంటుంది. పొడుగ్గా, సన్నగా ఉండేవాడు ఈ బండాయన. చెవి మీద పెన్సిలుండేది."

"మా మామగారు" అన్నాడు గడియారాలాయన.

"ఎడమ కమానులోంచి ఒక పట్టీ తీసెయ్యమన్నాడు. అటుపక్క మెత్తబడాలి, గుంతలో పడ్డా తెలియకూడదు అన్నాడు. తీస్తే రెండు పక్కలా తియ్యాలి, ఒక పక్కే తీస్తే బండి ఒరిగిపోతుందయ్యా అని చెప్పాను. వినలేదు. 'మా ఇంట్లో ఆవిడకి నడుం నొప్పి. డాక్టరు ప్రయాణం వద్దన్నాడు. వాళ్ల అక్కని చూడక బెంగపెట్టుకుంది. ఆవిడ కూర్చునే పక్క మెత్తగా ఉంటే చాలు. నాకు గట్టిగా ఉన్నా పర్వాలేదు, రెండూ మెత్తబెడితే ఆ కొండ మీద బండి నా చేతిలో ఉండదు' అన్నాడు. ఒరిగితే ఒరగనియ్యి అన్నాడు."

గడియారాలాయన పక్కనున్న పెట్టె మీద కూర్చున్నాడు.

"ఆవిడకి చెప్పొద్దన్నాడు" అన్నాడు మేస్త్రి, ఇంకో పట్టీ తడుతూ. "నాకోసం బండి చెడగొట్టారా అని మళ్లీ కారెక్కదట. తీసిన పట్టీ ఇక్కడే పడెయ్యమంటే, దేనికైనా పనికొస్తుందని ఇంటికి పట్టుకుపోయాడు. మీ ఇంట్లోనే ఉండాలి. నాలుగో పట్టీ, ఇంత ఉంటుంది" అని చేతులు చాపి చూపించాడు.

ఆ కొలత చూడగానే గడియారాలాయన కుడికాలి బొటనవేలు సలిపింది.

దారి పొడుగునా ఆయనకి సిగ్గుగానే ఉంది. మామగారు ఒరగనిచ్చిన కారుని చూసి తను నవ్వాడు. ఈ సంగతి ఇప్పుడే వెళ్లి అత్తగారికి చెప్పేస్తే బాగుండునని ఒకసారి, చెప్పొద్దని పోయిన మనిషి అడిగాడే అని ఒకసారి అనిపించింది. ఆలోచించగా చెప్పకపోవడమే మేలనిపించింది. నోరు జారితే ఏమవుతుందో ఎనిమిది నెలలుగా చూస్తున్నాడు. ఆవిడ అడిగింది కారు తిన్నగా నిలబడాలని. నిలబెడితే సరి, బస్సు తప్పుతుంది. అత్తగారు మధ్యాహ్నం కునుకు తీస్తున్నప్పుడు ఆకుపచ్చ ఇనుమును సంచిలో పెట్టుకుని మళ్లీ మేస్త్రి దగ్గరికి వెళ్లాడు. కొలిమిలో పడగానే ఆకుపచ్చ రంగు పొగై పోయింది, కింద మూడు చుక్కలు బయటపడ్డాయి.

తలుపు అప్పుడే కొట్టుకోవడం మొదలుపెట్టింది. గాలి వచ్చినప్పుడల్లా ధన్‌మని మూసుకునేది, మళ్లీ తెరుచుకునేది, మళ్లీ ధన్‌మనేది.

"అమ్మాయ్, మా ఇనుమేదీ?" అంది అత్తగారు.

"తుప్పు పట్టిందని చెప్పు" అన్నాడు ఆయన. "బాగుచేయిస్తున్నానని చెప్పు."

"తలుపు దగ్గర కూర్చున్న ఇనుముకి బాగుచేయడమేంటో! ముందు కారు సంగతి చూడమను."

భార్య ఇటుక తెచ్చి అడ్డం పెట్టింది. తలుపు ఇటుకని నెట్టుకుంటూ వెళ్లి మరీ కొట్టుకుంది.

శుక్రవారానికి అన్నీ వచ్చాయి. వంపు తేరిన పట్టీలు కుడికి ఏడు, ఎడమకి ఏడు. కొత్త రబ్బరు బుష్‌లు, కొత్త బోల్టులు. కారు స్టాండ్ల మీద, చక్రాలు గాల్లో వేలాడుతూ ఉండగా ఆయన కమానులు ఎక్కించాడు. తన పద్ధతి ప్రకారం ప్రతి బోల్టునీ శక్తికొద్దీ బిగించి, ఇంక కీ ఇవ్వడమే తరువాయి అన్నట్టు జాకీ దించాడు.

కారు నేల మీదికి దిగింది. వెనక భాగం మాత్రం దిగలేదు. పైకి లేచి అలాగే ఉండిపోయింది. కింద పడ్డ సూదిని వెతుకుతున్న మనిషిలా కారు ముందుకి వంగి నిలబడింది. ఆయన డిక్కీ పట్టుకుని వేలాడాడు. కమాను ఒక్కసారి కిందకి దిగి, ఆయన్ని తీసుకుని పైకి లేచింది.

అత్తగారు వచ్చి చూసింది. ఒక సాసరులో నిండా నీళ్లు తెచ్చి డిక్కీ మీద పెట్టింది. నీళ్లు ఎడమకి పోలేదు, కుడికీ పోలేదు. అన్నీ ముందుకి పారి వెనక అద్దం మీద పడ్డాయి.

"అమ్మాయ్" అంది ఆవిడ. "ఇంతకు ముందు పక్కకి ఒరిగేది, ఇప్పుడు ముందుకి ఒరిగింది. ముందు సీట్లో నేను ఏనాడూ కూర్చోలేదని ఆయనకి చెప్పు."

సాసరు తీసుకుని వెళ్లిపోయింది. ఆవిడ వెనకే తలుపు ధన్‌మంది. కాసేపటికి లోపల బస్సుల వేళలు కనుక్కుంటూ ఫోన్‌లో ఆవిడ మాట వినిపించింది.

ఆయన మేస్త్రికి ఫోన్ చేశాడు. అంతా విని మేస్త్రి, "చక్రాలు గాల్లో ఉండగా బిగించారా?" అని అడిగాడు.

"అవును. గడియారంలో అన్నీ బిగించాకే..."

"గడియారంలో ఎవరూ కూర్చోరు సార్."

తర్వాత నెమ్మదిగా చెప్పాడు. వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు ఆ వంపులోనే పట్టేసి, బరువు పడ్డాక కమానును దిగనివ్వదు. బోల్టులన్నీ వదులు చెయ్యాలి. చక్రాలు చెక్క దిమ్మెల మీద నిలపాలి. ఆ బండిలో ఎప్పుడూ ఎవరు ఎక్కడ కూర్చుంటారో వాళ్లని అక్కడ కూర్చోబెట్టాలి. వాళ్లు కూర్చుని ఉండగా, కింద దూరి బిగించాలి.

ఫోన్ పెట్టేసి గడియారాలాయన తల పట్టుకున్నాడు. అత్తగారు కూర్చుంటే గాని కారు తిన్నగా నిలబడదు. కారు తిన్నగా నిలబడితే గాని అత్తగారు కూర్చోదు.

శనివారం పొద్దున్నే ఆయన కారుని దిమ్మెలెక్కించి, బోల్టులు వదులు చేసి, ఎడమ సీట్లో ఇసక బస్తా పెట్టాడు. ఎంత ఇసక పెట్టాలో తెలియలేదు. భార్యని గుమ్మం దగ్గరికి పిలిచి గొంతు తగ్గించి, "మీ అమ్మ బరువెంతో కాస్త కనుక్కో" అన్నాడు.

"నేనా? నాకింకా బతకాలనుంది."

"కేజీల్లో కరెక్టుగా అక్కర్లేదు. ఉజ్జాయింపుగా చాలు."

తలుపు గాలికి తెరుచుకుంది. దాని వెనక అత్తగారు నిలబడి ఉంది. 

ఆవిడ కారు వంక చూసింది, ఇసక బస్తా వంక చూసింది. తన చోటులో ఆ బస్తా కూర్చోవడం ఆవిడకి అన్నిటికన్నా ఎక్కువ తగిలినట్టుంది.

"అమ్మాయ్, ఆ బస్తాని దింపమను. నేనే కూర్చుంటాను. ఎక్కనన్నది కారుని. చెక్కల మీద కదలకుండా ఉన్నదాన్ని కారనరు, కుర్చీ అంటారు. కుర్చీలో కూర్చోనని నేనెప్పుడూ అనలేదు."

ఎనిమిది నెలల తర్వాత ఆవిడ కళ్లజోడు, పేపరు పట్టుకుని వచ్చి తన మూల సీట్లో కూర్చుంది. కమాను మెల్లగా దిగింది. కారు వెనక భాగం, అమ్మయ్య అన్నట్టు, సమంగా నిలిచింది. కూతురు పొయ్యి మీద ఏదో మాడుతోందని లోపలికి పరిగెత్తింది. గడియారాలాయన కారు కింద దూరాడు.

పైన పేపరు తిప్పుతున్న చప్పుడు. కింద స్పానరు చప్పుడు. ఇద్దరి మధ్యా సీటూ, నేల రేకూ, పద్నాలుగు పట్టీలూ ఉన్నాయి. మనిషి ముఖం కనబడకపోతే మాట్లాడటం ఎంత తేలికో ఆయనకి అప్పుడు తెలిసింది.

"అత్తయ్యగారూ" అన్నాడు.

పేపరు చప్పుడు ఆగింది. అమ్మాయి దగ్గర్లో లేదు గనక ఆవిడ ఎవరినీ పిలవలేకపోయింది.

"ఆ రోజు నేనన్నది తప్పు. కారు మీ బరువుకి ఒరగలేదు. మామగారు కావాలని ఒరగనిచ్చారు."

అని మొత్తం చెప్పేశాడు. మేస్త్రి చెప్పింది చెప్పినట్టు, నడుం నొప్పి, డాక్టరు, నాలుగో పట్టీ, మూడు చుక్కలు, ఆకుపచ్చ ఇనుము, చెప్పొద్దన్న మాట అన్నీ. చెప్పొద్దన్నది చెబుతున్నందుకు పోయిన మామగారిని మనసులో క్షమించమని అడిగాడు. బస్సెక్కి కొండ కింద దిగబోయే మనిషికి ఇది తెలియకపోతే అన్యాయమనిపించింది.

పైన పేపరు మడిచిన చప్పుడైంది.

"ఆ ఏడాది ఆరు నెలలు మంచం మీదే ఉన్నాను" అంది అత్తగారు. "అక్కని చూడలేనేమో అనుకున్నాను. ఒకరోజు ఆయన వచ్చి, 'కొండ రోడ్డు బాగుచేశారు, ఇంక కుదుపు ఉండదు, రా తీసుకెళతాను' అన్నారు. వెళ్లాం. నిజంగానే కుదుపు లేదు."

ఆయన స్పానరు పట్టుకుని అలాగే పడుకున్నాడు.

"రోడ్డు బాగుచేశారన్నారు. నేను నమ్మాను" అంది ఆవిడ. "ఇరవై ఏళ్లు ఊరందరితో దెబ్బలాడాను, మంచి రోడ్డని. ఆయన ఉన్నన్నాళ్లూ పక్కనే కూర్చుని వినేవారు. అవునవును అనేవారు."

ఆవిడ నవ్విందో, ఏడ్చిందో కింద ఉన్నాయనకి తెలియలేదు. కమాను మాత్రం కాసేపు సన్నగా ఊగింది.

"ఇప్పుడు నా పక్కన ఎన్ని పట్టీలు పెట్టారు?"

"ఏడండీ. రెండు పక్కలా ఏడు. కారు తిన్నగా నిలబడింది."

 అంతలో వంటింటి తలుపు ధన్‌మంది.

"అల్లుడుగారూ" అంది అత్తగారు. ఎనిమిది నెలల్లో అదే మొదటిసారి. "ఆ తలుపు నాలుగు రోజులుగా కొట్టుకు చస్తోంది. దాని పట్టీ దానికి తెచ్చి పెట్టండి."

ఆయనకి మాట అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక కళ్లు మూసుకున్నాడు. పట్టీ తియ్యాలంటే కారుని మళ్లీ లేపాలి, చక్రం ఊడదియ్యాలి, కమాను దించాలి, మధ్య బోల్టు విప్పాలి, నాలుగోది తీసి మళ్లీ అన్నీ ఎక్కించాలి. సాయంత్రం దాకా పని. వేళ్ల మీద చోటు మిగలకుండా అప్పటికే ప్లాస్టర్లున్నాయి.

"అలాగేనండీ అత్తయ్యగారూ" అన్నాడు.

"అమ్మాయికి చెప్పకండి. దానికి నోట్లో మాట ఆగదు."

సాయంత్రం ఆరింటికి ఆవిడ రెండోసారి వచ్చి సీట్లో కూర్చుంది, ఆయన రెండోసారి బిగించాడు. లోపల తలుపు నిశ్శబ్దంగా తెరుచుకుని ఉంది, రంగు పోయిన ఇనుము దానికి అడ్డంగా కూర్చుంది. ఆయన లోపలికి వస్తూ అలవాటు కొద్దీ బొటనవేలు తగిలించుకున్నాడు. "చూసుకోండి, చూసుకోండి" అంది అత్తగారు నేరుగా ఆయనతోనే. మధ్యలో నిలబడ్డ భార్య తల ఎటు తిప్పాలో తెలియక ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఏం జరిగిందండీ?" అని అడిగింది.

"ఏముంది, కమాను బిగించాను."

ఆదివారం పొద్దున కారు వీధిలోకి వచ్చింది. ఎడమ పక్కకి ఒరిగింది. మునుపటంత కాదు గాని, ఒరిగిన మాట నిజం. భార్య తల్లి వంక చూసింది. అత్తగారు కారు చుట్టూ ఒకసారి తిరిగింది. ఒరిగిన చోట డిక్కీ మీద చెయ్యి వేసి నిలబడింది.

"తిన్నగానే ఉంది" అని ఎక్కి కూర్చుంది.

భార్య నోరు తెరిచి, మూసి, తల్లి పక్కన వెనక సీట్లో కుడివైపు ఎక్కింది. గడియారాలాయన స్టీరింగు పట్టుకున్నాడు.

కొండ మొదలయ్యాక రోడ్డు అసలు రంగు బయటపడింది. గుంత పక్కన గుంత, గుంతలో గుంత. కుడి చక్రం పడినప్పుడల్లా ఏడు పట్టీల దెబ్బ ఆయన వెన్నులోకి ఎక్కింది. మామగారు పోయేదాకా ఈ సీట్లోనే ఈ దెబ్బలన్నీ తిని ఇంటికొచ్చి ఒక్క మాట అనలేదని ఆయనకి తోచింది. వెనక భార్య సీటు మీద నుంచి ఎగిరి పైకప్పుకి తల కొట్టుకుంది.

"అబ్బా, నా నడుం విరిగింది" అంది. "ఏం రోడ్డమ్మా ఇది?"

ఆయన అద్దంలోకి చూశాడు. అత్తగారు తన మూలలో, ఉయ్యాల్లో కూర్చున్నట్టు మెత్తగా ఊగుతోంది. చీర చెంగుతో కళ్లు తుడుచుకుని కిటికీలోంచి బయటికి చూసింది.

"నీకు ఓర్పు లేదే" అంది కూతురితో. "ఈ రోడ్డు ఎప్పుడో బాగుచేశారు."

ముందర ఇంకో గుంత వచ్చింది. ఆయన కారుని కాస్త ఎడమకి జరిపి, దాన్ని తన పక్క చక్రం కిందకి తీసుకున్నాడు.

"అవునండీ అత్తయ్యగారూ" అన్నాడు నడుం పట్టుకుని. "చాలా బాగా చేశారు."